బాత్రూమ్ జాలీ మార్పు: 304 స్టీలు చట్రం, బొద్దింకలను ఆపే గిన్నె – నాలుగేళ్ల వాడకం తరువాత

హైదరాబాదులోని మా అపార్ట్‌మెంటులో బిల్డరు బిగించి ఇచ్చిన బాత్రూమ్ జాలీ (నేలలో నీరు పోయే చోట వేసే రంధ్రాల పలక) అంచులన్నీ తుప్పు పట్టి, మధ్య చువ్వలు విరిగి కాలికి గీసుకునే స్థితికి రావడంతో, దాని స్థానంలో ఆరు అంగుళాల చదరపు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు జాలీని వేయించాము. చట్రం టైల్స్ మధ్య స్థిరంగా ఉంటుంది. పై పలకను చేత్తో ఎత్తి తీయవచ్చు. లోపల బొద్దింకలు పైకి రాకుండా బోర్లించిన చిన్న గిన్నె ఉంటుంది. నలుగురు మనుషులు రోజూ స్నానం చేసే, ఎక్కువగా బోరు నీళ్లే వచ్చే బాత్రూములో ఇది నాలుగేళ్లకు పైగా ఉన్నది. వస్తువు బాగున్నది. అయితే ఇన్నాళ్లు కదలకుండా నిలవడంలో స్టీలుకు ఎంత పాలు ఉన్నదో, దానిని నేలలో కూర్చోబెట్టిన తాపీ పనికీ అంతే ఉన్నదని నా అభిప్రాయం.

ముందుగా కొనుగోలు సంగతి. ట్రూప్ బజారులోని శానిటరీ దుకాణాల్లో చూడడానికి ఒకేలా మెరిసే జాలీలు మూడు నాలుగు ధరల్లో కనిపిస్తాయి. అయస్కాంతం అంటుకోకపోతే అది 304 అని దుకాణదారు నిరూపించి చూపిస్తాడు గాని, ఆ పరీక్ష పెద్దగా ఉపయోగపడదు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. చవకైన 202 రకంలో నికెలును తగ్గించి మాంగనీసును పెంచుతారు. ఈ రెండింటికీ అయస్కాంతం సాధారణంగా అంటదు. పైగా అచ్చులో వత్తి మడిచిన అంచుల దగ్గర అసలైన 304 కూడా కాస్త ఆకర్షణ చూపవచ్చు. అందువల్ల అయస్కాంతం బలంగా పట్టే నాసిరకాన్ని పక్కన పెట్టడానికి తప్ప, 304ను 202 నుండి వేరు చేయడానికి అది పనికిరాదు. నేను చూసుకున్నవి మూడే: పలక మీద గ్రేడు ముద్ర ఉండడం, బిల్లు మీద ఆ గ్రేడు రాయించుకోవడం, బొటనవేలితో నొక్కితే పలక వంగకపోవడం. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో ఉండేవారు దొరికితే 316 రకం తీసుకోవడం మంచిది. అందులోని 2 నుండి 3 శాతం మాలిబ్డినం ఉప్పు వల్ల పడే గుంటలను బాగా తట్టుకుంటుంది.

బిగించే రోజున మేస్త్రి సుత్తి, ఉలి తీయబోతే ఆపి, పాత జాలీ చుట్టూ ఉన్న వైట్ సిమెంటును హాక్సా బ్లేడు ముక్కతో గీకి తీయమని అడిగాము. దానికి కొంత సమయం ఎక్కువ పట్టింది గాని, ఒక్క టైలు అంచు కూడా లేవలేదు. పాత టైల్స్ పగిలితే అదే రంగు, అదే సైజు మళ్లీ దొరకడం ఎంత కష్టమో ఇల్లు బాగు చేయించుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. గీకడానికి ముందే నహానీ ట్రాపు (జాలీ కింద కొంత నీరు నిలిపి, వాసనను పైకి రానివ్వని వంపు గొట్టం) నోట్లో పాత గుడ్డ కుక్కాలి; లేకపోతే సిమెంటు పెళ్లలు అడుగుకు జారి, అక్కడే పేరుకుని, కొత్త జాలీ కిందే నీళ్లు నిలుస్తాయి.

పాత జాలీ పైకి వచ్చాక అసలు విషయం బయటపడింది. టైలు అడుగుకూ ట్రాపు అంచుకూ మధ్య వేలు పట్టేంత సందు ఉన్నది. జాలీలోంచి దిగిన నీటిలో కొంత గొట్టంలోకి వెళ్లకుండా ఆ సందులోంచి టైల్స్ కిందికి పారుతూ వచ్చింది. కింది అంతస్తు బాత్రూము కప్పు మీద చెమ్మ మరకలు కనిపించడానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. పైపు పగిలిందేమోనని గోడలు తవ్వించే ముందు జాలీ ఒకసారి ఎత్తి చూడడం మేలు. మేస్త్రి ఆ సందును వాటర్‌ప్రూఫ్ రసాయనం కలిపిన సిమెంటుతో పూడ్చి, జాలీ కింది గొట్టం ట్రాపులోకి దిగేలా సరిచేసి, చట్రాన్ని టైలు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి ఉండేట్టు కూర్చోబెట్టాడు. ఈ కొద్ది పల్లమే నాలుగేళ్లుగా నేలను ఆరబెడుతున్నది. చట్రం టైలుతో సమానంగా ఉన్నా చుట్టూ పలుచని నీటి పొర నిలిచి పాచి పడుతుంది. ఎత్తుగా ఉంటే చెప్పనక్కరలేదు. చుట్టూ జాయింటులో వైట్ సిమెంటుకు బదులు ఎపాక్సీ గ్రౌటు (సందులు పూడ్చే రెసిన్ మిశ్రమం) పెట్టించాము. ఖర్చు ఎక్కువే, కానీ అది ఇప్పటికీ రాలలేదు.

ఇక స్టీలు పరిస్థితి. పలక మీద మెరుపు తగ్గింది. బోరు నీటి సున్నపు తెల్లపొర రంధ్రాల అంచుల్లో పేరుకుంటుంది. వెనిగరులో తడిపిన గుడ్డ కొద్దిసేపు కప్పి ఉంచి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, కడిగితే పోతుంది. తుప్పు మాత్రం లేదు. దానికి ముఖ్య కారణం మా ఇంట్లో బాత్రూములోకి యాసిడ్ రానివ్వకపోవడం. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీద ఉండే కంటికి కనిపించనంత పలుచని క్రోమియం ఆక్సైడు పొర. వీధిలో సీసాల్లో అమ్మే యాసిడ్‌లోనూ, టాయిలెట్ శుభ్రపరిచే చాలా ద్రావణాల్లోనూ ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆ పొరనే తినేస్తుంది. వారం వారం యాసిడ్ పోసే ఇంట్లో 304 అయినా గోధుమ రంగు చుక్కలు తేలక మానదు. బ్లీచింగ్ పౌడరు కూడా చాలాసేపు నిలవనిస్తే హాని చేస్తుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిపి చల్లడం మరీ ప్రమాదం. విడుదలయ్యే క్లోరిన్ వాయువు చిన్న గదిలో ఊపిరి ఆడనివ్వదు.

నాకు అసంతృప్తి మిగిలింది లోపలి గిన్నె విషయంలోనే. చట్రం కింద చిన్న పళ్లెం, దాని నడుమ నిలువు గొట్టం, ఆ గొట్టం మీద బోర్లించిన గిన్నె ఉంటాయి. నీరు గిన్నె అంచు కిందుగా దూరి, పైకెక్కి, గొట్టంలోకి దిగాలి. పళ్లెంలో నిలిచే ఆ కొద్ది నీరే పురుగులకూ వాసనకూ అడ్డు. షవరు కింద స్నానం చేసేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే షవరు నుండి నీరు కొద్దికొద్దిగానే వస్తుంది. మన ఇళ్లలో స్నానం అలా జరగదు కదా. చివర్లో మిగిలిన అర బకెట్టు ఒక్కసారిగా కుమ్మరిస్తే నీరు జాలీ చుట్టూ పరుచుకుని కాసేపు నిలిచి, నెమ్మదిగా దిగుతుంది. గడప ఎత్తు తక్కువగా ఉన్న బాత్రూముల్లో అది గదిలోకి కూడా రావచ్చు. తలంటు రోజు మరో తంటా: కుంకుడుకాయ పిప్పి, నూనెతో కలిసిన సున్నిపిండి, వెంట్రుకలు మూడూ కలిసి పళ్లెంలో ముద్దగా పేరుకుంటాయి. వారానికి ఒకసారి గిన్నె తీసి కడగాల్సిందే. ఆ ఓపిక లేని ఇంటికి గిన్నె లేని జాలీయే నయం, ట్రాపులో నీటి మట్టం సరిగ్గా ఉంటే బొద్దింకలను అదే చాలావరకు ఆపుతుంది. బట్టలు ఉతికేటప్పుడు మేము గిన్నె తీసి పక్కన పెట్టి, తరువాత మళ్లీ పెడుతున్నాము. వేసవి సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఆ పళ్లెంలోని నీరు ట్రాపులోని నీటి కంటే ముందే ఆవిరైపోతుంది. వచ్చీ రాగానే రెండు చెంబుల నీళ్లు పోస్తే వాసన ఆగిపోతుంది.

ఇలా తరచు తీయవలసిన వస్తువు కనుక, చేత్తో ఎత్తే పలకను ఎంచుకున్నందుకు సంతోషంగా ఉన్నది. స్క్రూలతో బిగించే రకంలో జాలీ కంటే ముందు స్క్రూలు తుప్పు పట్టి, తలలు అరిగి, ఇక ఎన్నటికీ ఊడవు. తిప్పి తాళం వేసే గుండ్రని రకం కొన్నాళ్లు బాగుంటుంది గాని, సున్నపు పొర పట్టాక తిరగదు. మా పలకకు ఉన్న లోపం ఒక్కటే: చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో దానిని వాళ్లూ ఎత్తగలరు.

వాషింగ్ మెషీను ఉన్న యుటిలిటీ బాల్కనీలో మాత్రం పాత పీటీఎంటీ ప్లాస్టిక్ జాలీనే ఉంచాము. రంగు పసుపు తిరిగినా, సబ్బు నీళ్లకూ సోడాకూ అది చెక్కుచెదరలేదు. మెషీను గొట్టం దిగడానికి నడుమ రంధ్రం ఉన్నది. అక్కడ దాని మీద ఎవరూ కాలు వేసి నిలబడరు. అది విరిగేదాకా అక్కడ స్టీలు వేయించే ఆలోచన లేదు.