చిప్ప కింద కూడా అరిగితే పార్షియల్ పనికొస్తుందా, టోటలే మేలా?

మోకాలి మార్పిడి ఆపరేషన్ రెండు రకాలు: అరిగిన భాగం వరకే మార్చేది పార్షియల్, కీలు మొత్తం మార్చేది టోటల్. ఆ ఆపరేషన్ దాకా వచ్చిన ఇళ్లలో ఈ మధ్య తరచూ వినిపించే మాట ఇది: "అమ్మకి లోపలి వైపే గుజ్జు అరిగింది, పార్షియల్ సరిపోతుందని ఒక డాక్టర్ అన్నారు. ఇంకో ఆయనేమో చిప్ప కింద కూడా అరిగింది కాబట్టి టోటలే చేయించుకోమంటున్నారు." ఇద్దరూ చూసింది ఒకే ఎక్స్-రే. వాళ్లలో ఎవరో ఒకరు డబ్బు కోసం చెబుతున్నారని అనుమానపడటం తేలికే. కానీ చాలాసార్లు సంగతి అది కాదు. ఒకరు 1989 నాటి నియమాన్ని పట్టుకుని చెబుతున్నారు, రెండోవారు ఆ తర్వాత వచ్చిన ఫలితాలను చూసి చెబుతున్నారు.

మోకాలిని మనం ఒకే కీలు అనుకుంటాం గానీ అందులో మూడు భాగాలున్నాయి. తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి. మూడోది ముందు వైపు, మోకాలి చిప్ప తొడ ఎముక మీది గాడిలో పైకీ కిందికీ జారే చోటు. పార్షియల్‌లో అరిగిన ఒక్క భాగానికే లోహం, ప్లాస్టిక్ తొడుగులు వేస్తారు, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లన్నీ ఉన్నచోటే ఉంటాయి. టోటల్‌లో లోపలి, బయటి భాగాలతో పాటు చిప్ప జారే గాడిని కూడా మార్చేస్తారు. మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంటును దాదాపు ఎప్పుడూ తీసేస్తారు.

1989లో కోజిన్, స్కాట్ అనే అమెరికా సర్జన్లు పార్షియల్ ఎవరికి చేయవచ్చో ఒక పట్టిక రాశారు. వయసు 60 దాటాలి, బరువు 82 కిలోల లోపు ఉండాలి, మరీ చురుగ్గా తిరిగే మనిషి కాకూడదు, చిప్ప కింద గుజ్జు పోయి ఎముక బయటపడి ఉండకూడదు. అప్పట్లో అందరికీ సబబుగానే తోచింది. అరిగిన భాగాన్ని వదిలేసి పక్క భాగాన్ని బాగుచేస్తే నొప్పి ఎలా పోతుంది?

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో మాత్రం లెక్క వేరుగా నడిచింది. అక్కడి సర్జన్ జాన్ గుడ్‌ఫెలో, ఇంజనీర్ జాన్ ఓకానర్ కలిసి తయారుచేసిన ఆక్స్‌ఫర్డ్ మోకాలిని 1982 నుంచి లోపలి భాగానికి మాత్రమే వేస్తున్నారు. చిప్ప కింద అరిగిందా లేదా అన్నది అడ్డంకిగా పెట్టుకోలేదు. ఆపరేషన్ చేస్తూ చిప్ప కింద ఏ మేరకు అరిగిందో రాసిపెట్టుకుని, ఏళ్ల తరబడి ఆ మనుషుల్ని గమనించారు. 2007లో, తర్వాత 2017లో వెలువడిన ఫలితాలు పాత నియమాన్ని గట్టిగానే కదిలించాయి. చిప్ప లోపలి అంచునో, అది జారే గాడిలోనో గుజ్జు పూర్తిగా పోయినవాళ్లకీ, బాగున్నవాళ్లకీ నడకలో గానీ, ఇంప్లాంట్ ఎన్నేళ్లు నిలిచిందన్న విషయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2017 నాటి ఫలితాలు 15 ఏళ్ల దాకా గమనించి చెప్పినవి.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవాలంటే దొడ్డికాళ్ల సంగతి చూడాలి. మన దగ్గర అరిగే మోకాళ్లలో ఎక్కువ భాగం లోపలి వైపే అరుగుతాయి. అరిగేకొద్దీ కాలు విల్లులా వంగుతుంది. ఆ వంపుతో చిప్ప కూడా లోపలి వైపుకి ఒత్తుకుని, ఆ అంచులోనే గుజ్జు పోగొట్టుకుంటుంది. అంటే ఆ అరుగుదల విడిగా వచ్చిన జబ్బు కాదు, పక్క భాగం అరగడం వల్ల వచ్చింది. పార్షియల్ వేసి కాలి వంపును కాస్త సరిచేయగానే చిప్ప మీద ఆ ఒత్తిడి తగ్గుతుంది. ఎక్స్-రేలో చిప్ప ఎప్పట్లాగే అరిగి కనబడుతుంది, మనిషికి మాత్రం నొప్పి తగ్గిపోతుంది.

నొప్పి ఎక్కడుందో వేలితో చూపించమంటే చాలామంది మోకాలి ముందు వైపే చూపిస్తారు. దాన్ని బట్టి చిప్పే దోషి అని తేల్చేయడం తొందరపాటు. ఆక్స్‌ఫర్డ్‌లో చూసినవాళ్లలో సగం మందికి పైగా ఆపరేషన్‌కి ముందు ముందువైపు నొప్పి ఉందన్నవాళ్లే. వాళ్లకూ మిగతావాళ్లకూ ఫలితంలో తేడా రాలేదు.

ఇక్కడిదాకా చదివి చిప్ప గొడవే లేదని అనుకోకండి. బయటి వైపు అంచు కథ వేరు. చిప్ప బయటికి జరిగిపోయి, ఆ వైపు గుజ్జే కాదు ఎముక కూడా అరిగి, దాని మీద గాట్లు పడి ఉంటే ఆక్స్‌ఫర్డ్‌వాళ్లు కూడా పార్షియల్ వద్దంటారు. అంత దూరం రాకుండా బయటి అంచులో గుజ్జు మాత్రమే పోయినవాళ్లలో ఇంప్లాంట్ బాగానే నిలిచినా, మెట్లు దిగేటప్పుడు ఇబ్బంది కొంచెం ఎక్కువ కనబడింది. మెట్ల ఇంట్లో పై అంతస్తులో ఉండేవాళ్లకి ఈ చిన్న మాట చిన్నది కాదు.

ఇంకో సంగతి. ఆక్స్‌ఫర్డ్ ఇంప్లాంట్‌లో ప్లాస్టిక్ ముక్క కదులుతూ ఉంటుంది. అది కదలకుండా బిగించి ఉండే రకాలూ ఉన్నాయి. అలాంటి ఒక రకం మీద అమెరికాలో 2004లో వచ్చిన ఒక పరిశీలనలో మొదటి పదేళ్లు చిప్ప పెద్దగా ఇబ్బంది పెట్టలేదు గానీ, 15 ఏళ్లు వచ్చేసరికి దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి చిప్ప నొప్పి గట్టిగానే వచ్చింది. కాబట్టి ఆక్స్‌ఫర్డ్ ఫలితాలను అన్ని పార్షియల్ ఇంప్లాంట్లకూ కళ్లు మూసుకుని అంటించలేం. మీకు వేయబోయేది ఏ రకమో అడిగి తెలుసుకోవాల్సిందే.

మరి టోటల్ చేయించుకుంటే చిప్ప బెడద తీరిపోతుందా? చాలామంది అలాగే అనుకుంటారు, చాలామంది డాక్టర్లు కూడా అలాగే చెబుతారు. నిజానికి టోటల్ చేశాక కూడా కొందరికి ముందువైపు నొప్పి మిగిలిపోతుంది. టోటల్‌లో చిప్ప వెనక ప్లాస్టిక్ తొడుగు వేయాలా, ఉన్నది ఉన్నట్టే వదిలేయాలా అన్నదే ఇంకా తెగలేదు. అమెరికాలో దాదాపు అందరికీ వేస్తారు, స్వీడన్‌లో దాదాపు ఎవరికీ వేయరు. కాబట్టి "చిప్ప అరిగింది, అందుకే టోటల్" అన్న వాదన వినడానికి ఉన్నంత బలమైనది కాదు.

చిప్పను కాసేపు పక్కన పెట్టి రెండు ఆపరేషన్లనూ పోల్చి చూస్తే, పార్షియల్ తర్వాత మనిషి తొందరగా లేస్తాడు, మోకాలు ఎక్కువ వంగుతుంది, ఇన్‌ఫెక్షన్, గుండెపోటు లాంటి ప్రమాదాలు తక్కువ. దానికి చెల్లించే మూల్యం రెండో ఆపరేషన్ ముప్పు. కీళ్ల మార్పిడి ఆపరేషన్లను నమోదుచేసే బ్రిటన్ రిజిస్ట్రీ లెక్కల్లో పదేళ్ల లోపు మళ్లీ చేయాల్సి వచ్చినవి టోటల్‌లో నూటికి మూడు నాలుగు, పార్షియల్‌లో దాదాపు పది. ఈ అంకె వెనక ఒక కిటుకు ఉంది. పార్షియల్ చేసిన మోకాలు నొప్పి పెడితే టోటల్‌కి మార్చేద్దామని సర్జన్ తేలిగ్గానే అంటాడు, టోటల్ చేసిన మోకాలే నొప్పి పెడితే మళ్లీ తెరవడానికి జంకుతాడు. ఏడాదికి నాలుగైదు పార్షియల్స్ మాత్రమే చేసే సర్జన్ల దగ్గర మళ్లీ చేయాల్సిన అవసరం ఎక్కువ వస్తుందన్నది కూడా అదే రిజిస్ట్రీ చూపించింది. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన టాప్‌క్యాట్ అనే ట్రయల్‌లో 528 మందిని రెండు గుంపులుగా చేసి ఐదేళ్లు చూస్తే, నొప్పి, నడక రెండింటిలోనూ దాదాపు సమానంగా వచ్చాయి. ఖర్చులో పార్షియల్‌దే పైచేయి.

రోబోతో చేసే ఆపరేషన్ గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక మాట. ఎముక కోతలో, కొలతలో రోబో సాయం చేస్తుంది. మీ చిప్ప ఏ వైపు అరిగిందో చూసి పార్షియల్ కావాలా వద్దా అని తేల్చేది మాత్రం సర్జనే. హోర్డింగ్ మీద ఆ సంగతి రాయరు.

చిప్ప విషయంలో నిర్ణయానికి అసలు ఆధారం స్కైలైన్ ఎక్స్-రే. మోకాలు కొంచెం వంచి, చిప్ప మీదుగా తీసే ఫిల్మ్ అది. చిప్ప గాడిలో సరిగ్గా కూర్చుందా, బయటికి జరిగిందా, ఏ అంచు పోయిందన్నది అందులోనే తెలుస్తుంది. మన దగ్గర చాలామంది ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయించుకుని వస్తారు. ఆ రెండింటితో చిప్ప మీద తీర్పు చెప్పడం కుదరదు. ఎమ్మారై రిపోర్టులో "చిప్ప గుజ్జు గ్రేడ్ 4" అని, అంటే గుజ్జు పూర్తిగా పోయిందని, రాసి ఉంటే టెన్షన్ పడిపోతారు. మనం పైన చెప్పుకున్నట్టు, అది లోపలి అంచులోనైతే అదొక్కటే పార్షియల్‌ను కాదనడానికి చాలదు.

నా మటుకు నేను ఇలా చూస్తాను. లోపలి భాగం ఎముకకు ఎముక తగిలేంత అరిగి, బయటి భాగం గట్టిగా ఉండి, ఏసీఎల్ బాగుండి, చిప్ప లోపలి అంచు లేదా గాడి అరిగి ఉంటే పార్షియల్ వైపే మొగ్గుతాను, చేసే సర్జన్ వాటిని తరచూ చేసేవాడైతేనే. బయటి అంచు అరిగి చిప్ప పక్కకి జరిగి ఉన్నా, రుమటాయిడ్ జబ్బు ఉన్నా, ఏసీఎల్ తెగి ఉన్నా టోటల్. బయటి అంచులో గుజ్జు మాత్రమే పోయి, ఎముక చెక్కుచెదరకుండా ఉన్న మధ్యస్థ కేసుల్లో వయసు చూస్తాను. డెబ్బై అయిదు దాటి, రెండోసారి బల్ల ఎక్కే ఓపిక లేదనేవాళ్లకి టోటల్, అరవై దగ్గర ఉన్నవాళ్లకి పార్షియల్. లోపలి భాగానికి ఒకటి, చిప్పకు ఒకటి విడివిడిగా వేసే పద్ధతి కూడా ఉంది గానీ చేసేవాళ్లు తక్కువ.

మఠం వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం ఇక మానాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. పార్షియల్‌లో మోకాలు వంగినంత మాత్రాన ఆ పని చేయొచ్చని కాదు. కదిలే ప్లాస్టిక్ ముక్క ఉన్న రకంలో మరీ ఎక్కువగా వంచితే ఆ ముక్క జారిపోయే ప్రమాదం ఉంది. నేల మీద కూర్చునే అలవాటున్న ఆసియా దేశాల్లో ఇది ఎక్కువగా కనబడింది. పైగా గొంతుక్కూర్చున్నప్పుడు చిప్ప మీద పడే బరువు శరీర బరువుకు చాలా రెట్లు ఉంటుంది. పూజ గదిలో కుర్చీ, బాత్రూమ్‌లో వెస్టర్న్ కమోడ్ రెండు ఆపరేషన్లకూ కావాల్సినవే.

సంతకం చేసే ముందు ఒకటి అడగండి: "లోపల తెరిచాక చిప్ప బయటి అంచు అనుకున్నదానికంటే పాడై కనబడితే టోటల్‌కి మారుస్తారా? ఆ సంగతి కన్సెంట్‌లో రాశారా?" ఆపరేషన్ మధ్యలో చిప్పను కంటితో చూసి నిర్ణయం మార్చుకోవడం సర్జన్లకు మామూలే. కాబట్టి టోటల్ సెట్టు కూడా థియేటర్లో సిద్ధంగా ఉందో లేదో అడిగి ఖాయం చేసుకోండి.