అమెజాన్, 240: గోథెన్‌బర్గ్‌లో నా రెండు పాత వోల్వోలు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మా దగ్గర రెండు పాత వోల్వో కార్లున్నాయి. ఒకటి 1967 నాటి రెండు తలుపుల అమెజాన్, కొని ఎనిమిదేళ్లయింది. రెండోది 1988 నాటి 240 ఎస్టేట్ (వెనక పొడవాటి డిక్కీ ఉన్న రకం), పదకొండేళ్లుగా వాడుతున్నాం. రెండింటి రూపాన్నీ గీసింది వోల్వో డిజైనర్ యాన్ విల్స్‌గార్డే. పక్కపక్కన నిలబెడితే మాత్రం నమ్మబుద్ధి కాదు. ఒకదానికి ఒళ్లంతా వంపులే, ఇంకొకటి స్కేలు పెట్టి గీసిన పెట్టె.

అమెజాన్‌కు ఓపిక కావాలి. పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కుతున్న కొద్దీ దాన్ని మెల్లగా లోపలికి తొయ్యాలి. పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి పార్కింగ్‌లో భుజాలు నొప్పి పుడతాయి. కాస్త వేగం అందుకున్నాక అదే స్టీరింగ్ ఎంత బాగుంటుందో! అడ్డంగా ఉన్న స్పీడోమీటరు పట్టీలో ఎర్ర గీత పాకుతూ వెళ్తుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 80 దగ్గర హాయిగా సాగుతుంది, 110 అంటే పక్కవాళ్ల మాట వినపడదు. సీటు బెల్టు దానంతటది బిగుసుకోదు, మనమే సరిచేసుకోవాలి. నిల్స్ బోలిన్ రూపొందించిన ఈ మూడు కొసల బెల్టు 1959లో మొదట వచ్చింది అమెజాన్, పీవీ544 కార్లలోనే.

మా బండి 1967 వసంతంలో రోడ్డెక్కింది. స్వీడన్‌లో బళ్లు రోడ్డుకు కుడి పక్కన నడపడం మొదలైంది ఆ ఏడాది సెప్టెంబరు 3న. అంటే మొదటి కొన్ని నెలలు ఇది మన దగ్గరలాగే ఎడమ పక్కన నడిచిందన్నమాట. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారికి ఈ సంగతి చెబితే, సీటు నిమురుతూ "మన అంబాసిడర్ గుర్తొస్తోందిరా" అన్నారు.

240 మాత్రం ఇంటి మనిషి. వెనక సీటు మడిస్తే వాషింగ్ మెషీన్ పట్టేంత డిక్కీ. ఇరుకు వీధిలోనూ ఒక్క తిప్పుతో వెనక్కి తిరుగుతుంది. చలికాలం హీటర్ గట్టిగా పనిచేస్తుంది. వెనక చక్రాలతో నడిచే బండి కనుక మంచులో ఎత్తు ఎక్కేటప్పుడు జారుతుంది. అందుకే వెనక బరువు కోసం డిక్కీలో రెండు ఇసుక మూటలు వేస్తాను.

రెండింటికీ శత్రువు ఒక్కటే, మంచు కరగడానికి చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు. దాంతో బండి తుప్పు పడుతుంది. అందుకే అక్టోబరు దాటితే అమెజాన్‌ను బయటికి తీయను. ఒకసారి ఒక షెడ్డులో 240 అడుగుభాగం బాగు చేయిస్తే, వెల్డింగ్ చేయకుండా రంధ్రం మీద పుట్టీ పూసి పంపారు. తనిఖీలో బయటపడింది. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. 240ని రెండేళ్లకోసారి తనిఖీ చేస్తారు. 50 ఏళ్లు దాటిన అమెజాన్‌కు ఆ తనిఖీయే లేదు. కింద ఏం పుచ్చిపోయినా చెప్పేవాళ్లుండరు. అప్పటినుంచి ఏటా నేనే దాన్ని లేపి, టార్చి వేసి అంగుళం అంగుళం చూస్తున్నాను.

ఒక్కటే ఉంచుకోవాల్సి వస్తే 240నే ఉంచుకుంటాను. అమెజాన్‌ను వదులుకోవడం నాకు చాలా కష్టం, అయినా పిల్లల్ని ఎక్కించుకునేది 240లోనే. మొదటిసారి పాత వోల్వో కొనేవాళ్లు కూడా దానితోనే మొదలుపెట్టండి. బేరమాడే ముందు లోపలి కార్పెట్ ఎత్తి, తడి ఉందేమో చేత్తో తడిమి చూడండి.