అమలాపురంలో వేసవి పఠనం క్లాసు: పిల్లల్ని పంపొచ్చా?

పంపొచ్చండి. నాలుగు నుంచి ఏడో తరగతి లోపు పిల్లలైతే తప్పకుండా పంపండి. మా అమ్మాయి ఐదో తరగతి పూర్తిచేసి వెళ్లింది. పది రోజులు, రోజుకి గంటన్నర, ఫీజు 600. నేర్పేది ఒక్కటే: చదివినదాన్ని రాసినవాళ్లు ఎందుకు రాశారో కనిపెట్టడం.

మొదటి రోజే మూడు కాగితాలిచ్చారు. ఒకటి వరద వార్త, ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని. ఇంకోటి ఆత్రేయపురం పూతరేకుల కరపత్రం. మూడోది పడవెక్కిన మేకపిల్ల కథ. ఒక్కోటీ ఎందుకు రాశారో చెప్పమన్నారు: తెలియజెప్పడానికా, ఒప్పించడానికా, సరదాగా చదువుకోడానికా? అంకెలున్న చోట, 'ఈరోజే కొనండి' లాంటి మాటలున్న చోట పెన్సిల్‌తో గీతలు గీయించారు. గోదావరి మధ్యలోని లంక ఊళ్లలో చుట్టాలున్న పిల్లలకి ఆ వరద అంకెలు ఎందుకు రాస్తారో వేరే చెప్పక్కర్లేదు కదా, చకచకా చెప్పేశారట.

నాకు బాగా నచ్చింది ఆరో రోజు పాఠం. కందుకూరి వీరేశలింగం గారి ప్రహసనాల (నవ్వించే చిన్న నాటకాల) గురించి చెప్పి, ఎందుకు రాశారని అడిగారు. మా అమ్మాయి 'నవ్వించడానికి' అని రాసింది. మాస్టారు తప్పనలేదు, "మరి మనం ఎవర్ని చూసి నవ్వుతున్నాం?" అని మాత్రం అడిగారు. లంచాలు తినేవాళ్లని, ముసలితనంలో చిన్నపిల్లల్ని పెళ్లాడేవాళ్లని. ఆయన 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారని, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారని చెప్పాక, పక్కనే 'ఒప్పించడానికి' అని కూడా రాసుకుని వచ్చింది. ఇంటికొచ్చి ఇదంతా నాకు వివరిస్తుంటే నిజంగా సంతోషమేసింది, ఎందుకంటే బళ్లో ఇన్నాళ్లూ 'ఈ పాఠం రచయిత ఎవరు' అనే అడిగారు గానీ ఎందుకు రాశాడని ఎవరూ అడగలేదు.

లోపాలూ ఉన్నాయి. ఇంటికిచ్చే షీట్లలో మూడు గళ్లు, ఒకదానికే టిక్ పెట్టాలి. క్లాసులో రెండు కారణాలుండొచ్చని చెప్పి షీట్లో ఒకటే అడిగితే పిల్లలకి టెన్షన్, మా అమ్మాయి ఒకరోజు దీనికే ఏడ్చింది. పిల్లల చేత రాయించింది చివరి రోజు ఒక్కసారే, పంటకాలవలో చెత్త వేయొద్దని ఊరివాళ్లకి ఉత్తరం. తాము ఒకర్ని ఒప్పించాలని కూర్చుంటేనే కదా రాసేవాడి మనసు తెలిసేది, అది మూడో రోజు నుంచే పెట్టాల్సింది. గదికి ఒకటే ఫ్యాను, ముప్పైమంది, మే నెల. నీళ్ల సీసా ఇచ్చి పంపండి.

దసరాకి మళ్లీ పెడతారట. మా చిన్నోణ్ణి చేర్పిస్తున్నాను, షీట్ల సంగతి ముందే మాట్లాడి.