పిల్లికి ట్యూబ్ ఫీడింగ్ పౌడర్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు స్టిక్కర్ గీకి చూడండి

నెల్లూరు చుట్టుపక్కల పిల్లుల్ని పెంచుకునేవాళ్ళ కోసం రాస్తున్నా.

సంక్రాంతికి కందుకూరు వెళ్ళి తొమ్మిది రోజులకు తిరిగొచ్చాం. మా పిల్లి బుజ్జి మిద్దె మీద సామాన్ల గదిలో ఇరుక్కుపోయి ఉంది. పక్కింటి అక్క రోజూ గిన్నెలో తిండి పెడుతూనే ఉంది. వీధి పిల్లులు తినిపోతుంటే ఇదే తింటోందనుకుంది పాపం. కారే పైపు కింద నీళ్ళు దొరకబట్టి బతికింది గానీ, నాలుగు కిలోలది రెండున్నరకు వచ్చేసింది. చేప ముక్క పెట్టినా మొహం తిప్పేసుకుంది.

డాక్టర్ గారు ముక్కులోంచి సన్నటి ట్యూబ్ వేశారు. రోజులకొద్దీ తినని పిల్లికి లివర్‌లో కొవ్వు పేరుకుంటుందట. అలాగని ఒక్కసారిగా పెట్టేయకూడదు. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రాణానికే ముప్పు. దీని బరువుకు రోజుకు దాదాపు 140 కేలరీలు కావాలి, మొదటిరోజు అందులో పావు నుంచి మూడో వంతే ఇవ్వమన్నారు.

నీరసించిన పిల్లులు కోలుకోవడానికి పెట్టే రికవరీ ఫుడ్ ఊళ్ళో దొరకలేదు. ఆయన్ని అడక్కుండా ఆన్‌లైన్‌లో 1,450 రూపాయలు పెట్టి డబ్బా తెప్పించా. బోల్తా పడింది ఇక్కడే. చెప్పినట్టే గోరువెచ్చని నీళ్ళలో కలిపి, టీ వడగట్టుతో వడగట్టా. అయినా సిరంజి అడుగున రవ్వలా దిగింది. పది మిల్లీలీటర్లు పోయాక ట్యూబ్ పూడుకుపోయింది. టెన్షన్‌లో గట్టిగా నొక్కా, అది ఇంకా తప్పు. పాత ట్యూబ్ తీసి కొత్తది వేయాల్సొచ్చింది. అంత నీరసంలోనూ అది అరిచిన అరుపు ఇంకా చెవిలోనే ఉంది.

డాక్టర్ గారు డబ్బా తిప్పి తిప్పి చూసి, "కేలరీలు ఎన్నో ఎక్కడుందమ్మా?" అన్నారు. లేవు. టారిన్ అనే పోషకం మాటే లేదు. పిల్లి ఒంట్లో టారిన్ చాలినంత తయారు కాదు, తిండిలోంచే రావాలి. ఒకట్రెండు రోజులకు ఏమీ కాదు గానీ, కొన్నాళ్ళపాటు అందకపోతే గుండె, కళ్ళు రెండూ దెబ్బతింటాయి. వెనక స్టిక్కర్ అంచు గోటితో గీకితే లేచొచ్చింది. కింద కుక్కపిల్ల బొమ్మ! కుక్కల పౌడర్‌కు పిల్లి బొమ్మ అంటించి అమ్మారన్నమాట.

అమ్మినవాడిని అడిగితే, సీల్ తీసిన డబ్బా వాపసు తీసుకోం అన్నాడు. సీల్ తీయకుండా రవ్వ ఎలా కనపడుతుందో మరి! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టా. డబ్బులొస్తాయన్న ఆశ పెద్దగా లేదు.

ముక్కు ట్యూబ్ అయితే పూర్తిగా ద్రవంగా ఉండేదే కొనండి, మిక్సీ పట్టిన తిండి మెడ దగ్గర వేసే లావు ట్యూబ్‌కే సరిపోతుంది. ఒక మిల్లీలీటర్‌కు ఎన్ని కేలరీలో రాసి లేకపోతే డాక్టర్ కూడా లెక్క కట్టలేరు. ప్రతిసారీ చివర్లో కొంచెం గోరువెచ్చని నీళ్ళతో ట్యూబ్ కడగండి.

చివరికి డాక్టర్ గారే చెన్నై నుంచి పిల్లుల లిక్విడ్ ఫుడ్ తెప్పించారు. ఇప్పుడు మూడు కిలోలుంది, నిన్న చేప తల కోసం నా కాలు గీరింది. ఆ డబ్బా, స్టిక్కర్ ఫొటోలు నా దగ్గరున్నాయి. అలాంటిదే మీకూ వచ్చుంటే సీల్ తీయకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి.