జాగ్రత్త: 167.6 పేరు చెప్పి అమ్ముతున్న 'హైట్ గ్రోత్' పౌడర్

పోలీస్ ఈవెంట్స్‌కి తయారవుతున్న పిల్లలు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. కానిస్టేబుల్‌కి మగవాళ్లకు 167.6 సెంటీమీటర్ల ఎత్తు కావాలన్న సంగతి తెలిసిందే. ఆ అంకెనే యాడ్‌లో పెద్దగా వేసి పౌడర్ అమ్ముతున్నారు. మా అక్క కొడుక్కి 19 ఏళ్లు, ఎత్తు 166 దగ్గర ఆగింది. 'నిద్రలో గ్రోత్ హార్మోన్‌ని మూడింతలు చేస్తుంది' అన్న మాట నమ్మి 4,500 పెట్టి మూడు డబ్బాల కోర్సు తెప్పించాడు.

డబ్బా వెనక్కి తిప్పి చూశాను. పదార్థాల్లో మొదట మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి), తర్వాత చక్కెర, పాలపొడి. అట్టడుగున ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం, అశ్వగంధ. ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి కాబట్టి కొన్నది చాలావరకు తీపి పిండే. కింద చీమ తలంత అక్షరాల్లో 'ఔషధ వినియోగానికి కాదు' అని కూడా ఉంది. వాళ్ల తెలివి చూడండి!

అసలు గ్రోత్ హార్మోన్ 191 అమైనో ఆమ్లాల ప్రోటీన్. నోటితో తీసుకుంటే గుడ్డు అరిగినట్టే అరిగిపోతుంది. అందుకే నిజమైన మందుని డాక్టర్ చీటీ మీద ఇంజెక్షన్‌గానే ఇస్తారు. ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీకి చిన్నప్పుడు ఇచ్చింది అదే. అది కూడా హార్మోన్ లోపం ఉందని తేలాక, ఎదిగే వయసులో.

మన ఒంట్లో దాన్ని తయారుచేసేది పిట్యూటరీ గ్రంథి. నిద్రపట్టిన కాసేపటికి, గాఢనిద్రలో అది పెద్ద మోతాదులో విడుదలవుతుంది. ఒళ్లు అలిసేలా పరిగెత్తినా, బరువులెత్తినా కాసేపు పెరుగుతుంది. రక్తంలో చక్కెర పెరిగితే మాత్రం తగ్గుతుంది. ఈ హార్మోన్ అతిగా తయారవుతోందని అనుమానం వస్తే డాక్టర్లు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, అది తగ్గుతుందా లేదా అని పరీక్ష చేసేది అందుకే. ఈ మహానుభావులేమో సరిగ్గా పడుకునే ముందు రెండు స్కూపుల తీపి పౌడర్ పాలల్లో కలుపుకోమంటున్నారు.

పోనీ, హార్మోన్ పెరిగిందనే అనుకుందాం. ఎముకల చివర్లలో ఎదుగుదల పలకలు మగపిల్లల్లో చాలామందికి 16-18 ఏళ్లకి మూసుకుపోతాయి. ఆ తర్వాత హార్మోన్ ఎంత ఎక్కువైనా మనిషి పొడవు పెరగడు. చేతులు, పాదాలు, దవడ లావెక్కే జబ్బు వస్తుంది. మా వాణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మణికట్టు ఎక్స్‌రే తీయించి, పలకలు మూసుకుపోయాయని నిమిషంలో తేల్చేశారు.

మరి రివ్యూల్లో 'నెలలో ఒక సెంటీమీటర్ పెరిగాను' అన్నవాళ్ల సంగతేంటి? అసలు మతలబు డబ్బాతో వచ్చిన కార్డులో ఉంది. మొదటి కొలత రాత్రి పడుకునే ముందు, నెల తర్వాత రెండో కొలత పొద్దున లేవగానే తీసుకోవాలట. పగలంతా నిలబడి తిరిగితే వెన్నుపూసల మధ్య డిస్కులు నొక్కుకుపోయి రాత్రికి సుమారు ఒక సెంటీమీటర్ తగ్గుతాం, పడుకుని లేస్తే మళ్లీ వచ్చేస్తుంది. పౌడర్ తాగకపోయినా అంతే. మా వాడు కూడా కార్డు చూసి గోడకి గీతలు గీసుకుని, 'మామయ్యా, పెరిగాను' అని ఫోన్ చేశాడు. రెండుసార్లూ పొద్దున్నే కొలిస్తే గీత మీద గీత పడింది.

డబ్బు వెనక్కి అడిగితే, డబ్బా సీల్ తీశారు కాబట్టి కుదరదన్నారు. సీల్ తీయని మూడో డబ్బా సంగతి అడిగితే 'అది కాంబో సార్' అన్నారు. పైగా డైట్ ఎక్స్‌పర్ట్ అని ఒకావిడ రోజూ ఫోన్ చేసి, ఇంకో మూడు నెలల కోర్సు వాడితేనే రిజల్ట్ అంటోంది.

ఎత్తు పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అడిగితే 'మాది మందు కాదు, ఫుడ్ సప్లిమెంట్' అని తప్పించుకుంటున్నారు. మేం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం, ఇంకా తేలలేదు. ఇప్పటికే కొన్నవాళ్లు డబ్బా, బిల్లు, ఆ కొలతల కార్డు పారేయకండి. యాడ్ కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేం వెతికేసరికి ఆ యాడ్ తీసేశారు.