లండన్ బారిస్టర్ కోసం క్లర్క్‌కి ఫోన్: హైదరాబాద్ నుంచి ఈ సేవ ఎంతవరకు పనికొస్తుంది?

పురానీ హవేలీ కోర్టుల్లోనో, మదీనా దగ్గర హైకోర్టులోనో వకీలు గుమాస్తా అంటే కేసు కట్టలు చూసుకుని, కాపీ అప్లికేషన్లు వేసి, హాల్లో ఏ నంబరు నడుస్తోందో కనుక్కొచ్చే మనిషి. లండన్ ఛాంబర్స్‌లో క్లర్క్ ఉద్యోగం వేరు. బారిస్టర్ల (కోర్టులో వాదించే లాయర్ల) డైరీ అతని చేతిలో ఉంటుంది, ఫీజు అతనే మాట్లాడతాడు, ఏ కేసు ఎవరికి నప్పుతుందో అతనే చెబుతాడు. ఫోన్ చేస్తే కేసుకు తగిన బారిస్టర్‌ని కుదిర్చిపెట్టడమే అతని సేవ. బారిస్టర్లు ఎవరికి వారు స్వతంత్రంగా ప్రాక్టీసు చేస్తూ ఒకే ఛాంబర్స్‌లో క్లర్కుల ఖర్చు పంచుకుంటారు. కాబట్టి అతని ముందు ఇరవై ముప్పై పేర్లు ఉండటం మామూలే. ఇది తెలియక మనవాళ్ళు "మీతో కాదు, లాయరుగారితోనే మాట్లాడతాం" అని పట్టుబడతారు. సగం పని అక్కడే చెడుతుంది.

లండన్ కోర్టులతో మన ఊరికి పాత లెక్కలే ఉన్నాయి. 1948 సెప్టెంబరులో అక్కడి వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో పడిన నిజాం సొమ్ము, పది లక్షల పౌండ్ల పైచిలుకు, తగాదాలో పడి 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) దాకా వెళ్ళింది. చివరికి 2019 అక్టోబరులో ఇంగ్లండ్ హైకోర్టులో తేలేసరికి దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఇప్పుడు ఇక్కడి నుంచి వెళ్ళేవి ఇంటి తగాదాలు, వ్యాపారపు బాకీలు: కొడుకు వీసా తిరస్కరణ, అక్కడ పోయిన అన్న వీలునామా, కూతురి విడాకుల్లో ఆస్తి పంపకం, ఎగుమతిదారుకి రావలసిన డబ్బు. వీటికి క్లర్క్ ద్వారా వెళ్ళడం మంచి దారి. కోకాపేట భూమి తగాదాకి మాత్రం, అబ్బాయి లండన్‌లో ఉన్నాడు కదా అని అక్కడి బారిస్టర్‌ని అడగడం దండగ. విదేశీ లాయర్లు మన చట్టం మీద ఇక్కడ ప్రాక్టీసు చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చేసింది.

సొలిసిటర్ (క్లయింట్ తరఫున కేసు కాగితాలు, దాఖలు పనులు చూసే లాయరు) లేకుండా నేరుగా బారిస్టర్‌ని పెట్టుకునే పద్ధతి పేరు పబ్లిక్ యాక్సెస్. దానికి శిక్షణ పూర్తిచేసిన బారిస్టర్లే ఇలా కేసులు తీసుకోవచ్చు. అయితే కోర్టులో దావా దాఖలు చేయడం, అవతలి పక్షానికి కాగితాలు సర్వ్ చేయడం లాంటి పనులకు విడిగా అనుమతి ఉండాలి. చాలామంది బారిస్టర్లకు అది లేదు. లేకపోతే ఆ పనులు మీరే చేసుకోవాలి, లేదా సొలిసిటర్‌ని పెట్టుకోవాలి. బంజారాహిల్స్‌లో కూర్చుని ఇంగ్లండ్ కోర్టు గడువులు మోయడం తేలిక కాదు. అందుకే మొదటి ఫోన్‌లోనే "లిటిగేషన్ నడిపే అనుమతి ఉన్నవాళ్ళు మీ దగ్గర ఎవరున్నారు?" అని అడిగేయాలి. వచ్చిన జవాబును బారిస్టర్లను నియంత్రించే బార్ స్టాండర్డ్స్ బోర్డు వెబ్‌సైట్‌లోని బారిస్టర్ల రిజిస్టర్‌లో ఉచితంగా సరిచూసుకోవచ్చు. క్రమశిక్షణ చర్యలేమైనా ఉంటే అవీ అందులో కనబడతాయి.

క్లర్క్‌కి పంపాల్సింది ఒక్క పేజీ. అందులో ముందు పార్టీల పేర్లు. వీటితోనే కాన్‌ఫ్లిక్ట్ చెక్ (ఆ బారిస్టర్‌కి అవతలి పక్షంతో ఇప్పటికే సంబంధం ఉందా అని చూడటం) చేస్తారు, మన పేర్లతో తరచూ తప్పు జరిగేదీ ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, ఆధార్‌లో పొడి అక్షరంగా, అక్కడి బ్యాంకులో తలకిందులుగా ఉంటుంది. వాడుకలో ఉన్న రూపాలన్నీ రాయండి. ఆ తర్వాత కోర్టు పేరు, కేసు నంబరు, రాబోయే వాయిదా లేదా గడువు తేదీ, మీకు కావలసింది రాతపూర్వక సలహానా, డ్రాఫ్టింగా, కోర్టులో వాదనా, కాగితాలు ఎన్ని పేజీలు, బడ్జెట్ ఎంత. బడ్జెట్ దాస్తే బేరం బాగుంటుందనుకోవడం మన అలవాటు. ఇక్కడ అది ఎదురుతిరుగుతుంది, మీకు అందని పేర్లే వస్తాయి. రహస్యాలు, మొత్తం కథ కాన్‌ఫ్లిక్ట్ చెక్ అయ్యేదాకా పంపకండి. ఆ తర్వాత పంపేది కూడా పేజీ నంబర్లు వేసిన ఒకే పీడీఎఫ్, ముందు తేదీల పట్టిక. వాట్సాప్‌లో అడ్డంగా తీసిన అరవై ఫొటోలు పంపితే వాటిని వరసలో పెట్టిన గంటలకూ బిల్లు మీకే పడొచ్చు.

ఒకే ఛాంబర్స్‌లోని ఇద్దరు బారిస్టర్లు ఒకే కేసులో ఎదురెదురుగా నిలబడటం అక్కడ మామూలే. కంగారు పడనక్కర్లేదు, ఫైళ్ళు విడిగానే ఉంటాయి.

తొందర ఉంటే సబ్జెక్ట్ లైన్‌లోనే గడువు రాయండి. స్టూడెంట్ వీసా తిరస్కరణకు సాధారణంగా అపీలు ఉండదు, అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ (వీసా శాఖే తన నిర్ణయాన్ని మళ్ళీ చూడటం) ఉంటుంది. బయటి దేశం నుంచి దానికి 28 రోజులు. జ్యుడీషియల్ రివ్యూకి (ప్రభుత్వ నిర్ణయం చట్టబద్ధమా అని కోర్టు చూడటానికి) గరిష్ఠంగా మూడు నెలలు, అదీ జాప్యం చేయకుండా వెళ్ళాలి. వారసత్వంలో తగినంత దక్కలేదని వేసే దావాకు, ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ఆమోదం) మంజూరైన రోజు నుంచి ఆరు నెలలు. కన్సల్టెన్సీల చుట్టూ తిరిగి ఆఖరి వారంలో ఫోన్ చేసేవాళ్ళకు క్లర్క్ ఏమీ చేయలేడు. పైగా పబ్లిక్ యాక్సెస్‌లో వచ్చిన కేసు తీసుకుని తీరాలన్న నియమం బారిస్టర్‌కి వర్తించదు.

మంచి క్లర్క్ ఒక్క పేరు చెప్పి ఊరుకోడు. రెండు మూడు పేర్లు, వాళ్ళు బార్‌లో చేరిన సంవత్సరాలు, ఒక్కొక్కరి ఫీజు పంపుతాడు. సలహా మాత్రమే కావాలంటే కింగ్స్ కౌన్సెల్ (సీనియర్ హోదా ఉన్న బారిస్టర్) దాకా వెళ్ళడం చాలా కేసుల్లో అనవసరం. మధ్యస్థాయి జూనియర్ చాలు. అక్కడ జూనియర్ అంటే ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళూ ఉంటారు. క్లర్క్ బారిస్టర్ల మనిషి, కొందరికి ఫీజులో వాటా కూడా ఉంటుంది. కాబట్టి అతని సిఫారసును సలహాగానే తీసుకుని, ఇలాంటి కేసు ఆ బారిస్టర్ ఈమధ్య చేశారా, ఆ వాయిదా రోజు ఖాళీయేనా అని విడిగా అడగాలి.

ఈ సేవలో అసలు లోపం వాయిదాల దగ్గర బయటపడుతుంది. మీరు ఎంచుకున్న బారిస్టర్‌కి అంతకుముందు కేసు అనుకున్నదానికంటే సాగిపోతే, మీ బ్రీఫ్ (కేసు వాదించే పని) వేరొకరికి వెళ్తుంది. ఒక్కోసారి ముందురోజు సాయంత్రం. కొత్తవాళ్ళు రాత్రికి రాత్రి ఫైలు చదివి నిలబడతారు. బాగానే వాదించవచ్చు, కానీ మీరు డబ్బిచ్చింది ఆ పేరు చూసి కదా. "కుదరకపోతే ఎవరు వస్తారు, ఫీజు ఎంత తగ్గుతుంది?" అని ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఫీజుల సంగతి. సలహాకి చాలావరకు ఒకే మొత్తం. విచారణకి బ్రీఫ్ ఫీజు, అందులో తయారీ, మొదటి రోజు ఉంటాయి. రెండో రోజు నుంచి రోజుకింత రిఫ్రెషర్. విచారణకి ముందే రాజీ అయితే బ్రీఫ్ ఫీజు వెనక్కి వస్తుందా అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. విడతలుగా పడేలా అడిగితే చాలామంది క్లర్కులు ఒప్పుకుంటారు. వ్యాట్ 20 శాతం. భారత్‌లో ఉండే క్లయింట్‌కి ఇది చాలాసార్లు పడదు, అక్కడి స్థిరాస్తి వ్యవహారమైతే పడొచ్చు. కొటేషన్‌లో "వ్యాట్ కలిపి" అనో "వ్యాట్ లేదు" అనో స్పష్టంగా ఉండాలి. కోర్టు ఫీజులు కట్టమని బారిస్టర్‌కి అదనంగా పంపకండి, క్లయింట్ డబ్బు తన దగ్గర ఉంచుకోవడానికి వాళ్ళకు నియమాలు ఒప్పవు. ఇక్కడి నుంచి పంపేముందు పన్ను కోత గురించి చార్టర్డ్ అకౌంటెంట్‌ని అడగండి. బ్యాంకు కాగితాలకు కొన్ని రోజులు పోతాయి, డబ్బు చేరనిదే పని మొదలవదు.

ఫోన్‌కి మంచి వేళ హైదరాబాద్ టైములో వేసవిలో మధ్యాహ్నం రెండున్నర, చలికాలంలో మూడున్నర. లండన్‌లో సాయంత్రం నాలుగు దాటాక మర్నాటి కోర్టు కేసుల జాబితాల హడావుడి, అప్పుడు ఎవరూ తీరిగ్గా మాట్లాడరు.

ఇక్కడున్న అమ్మో నాన్నో సాక్షి అయితే ఇంకో మెలిక ఉంది. సివిల్ కేసుల్లో సాక్షి వాంగ్మూలం సాక్షి సొంత భాషలో ఉండాలి, అనువాదం దానికి జతచేయాలి. కొడుకు ఇంగ్లిష్‌లో రాసిపెట్టింది తెలుగు మాత్రమే వచ్చిన తల్లి సంతకం చేస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి దెబ్బ అక్కడే పడుతుంది. హైదరాబాద్ నుంచి వీడియోలో సాక్ష్యం ఇవ్వాలన్నా కోర్టు అనుమతి ముందే తీసుకోవాలి. ఈ రెండూ క్లర్క్ తనంతట తాను చెప్పడు. బారిస్టర్‌తో మొదటి కాన్ఫరెన్స్‌లో అడగండి.