రెండూ 29 అంగుళాలా, వెనక చక్రం చిన్నదా?

కొత్త మౌంటెన్ బైక్ విడుదలైనప్పుడల్లా ఔత్సాహికులు ఎక్కువగా వాదించుకునేది చక్రాల కొలత గురించే. ముందూ వెనకా 29 అంగుళాల చక్రాలే ఉండాలని కొందరంటే, ముందు 29, వెనక 27.5 అంగుళాల చక్రాలుండే ‘ములెట్’ అమరికే మేలని మరికొందరు పట్టుబడతారు. పోటీల్లో వేర్వేరు కొలతల చక్రాలను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2019లో అనుమతించాక ఈ వాదన మరింత ఊపందుకుంది.

29 అంగుళాలను సమర్థించేవారి మాట సూటిగా ఉంటుంది: పెద్ద చక్రం రాళ్లనూ వేర్లనూ తక్కువ కోణంలో తాకుతుంది కాబట్టి సులువుగా దాటిపోతుంది, అందుకున్న వేగమూ నిలుస్తుంది.

ములెట్ అభిమానుల అనుభవం వేరు. నిట్టనిలువు దిగుడులో శరీరాన్ని బాగా వెనక్కీ కిందికీ జరిపినప్పుడు వెనక టైరు పిరుదులకు తగులుతుంది. పొట్టివారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. టైరు కూర్చునే రిమ్ వ్యాసం 622 నుంచి 584 మిల్లీమీటర్లకు తగ్గితే, దానికి తగినట్టు రూపొందించిన ఫ్రేములో టైరు పైఅంచు సుమారు 38 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఇరుకు మలుపుల్లో బైక్‌ను వాల్చడమూ తేలికవుతుంది. అలాంటి దారులే ఇష్టపడేవారికి నేను నిస్సంకోచంగా ములెట్‌నే సూచిస్తాను. గంటల తరబడి ఎక్కుతూ దిగుతూ సాగేవారికి మాత్రం 29 అంగుళాలే నయం.

అయితే 29 అంగుళాలకు తయారైన ఫ్రేములో చిన్న చక్రం బిగించేస్తే సరిపోదు. పెడళ్లు తిరిగే ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ కిందికి జారి పెడళ్లు రాళ్లకు కొట్టుకుంటాయి, సీటు కోణం వెనక్కి వాలి ఎక్కుడు కష్టమవుతుంది. ఫ్రేము కోణాలను, అంటే జ్యామితిని, సరిదిద్దేందుకు తిప్పి బిగించే ‘ఫ్లిప్ చిప్’ అనే చిన్న ముక్క ఉన్న కొత్త మోడళ్లను ఇరుపక్షాలూ మెచ్చుకోవడానికి కారణం ఇదే.